పెళ్లి కార్డు బార్డర్‌కి చేసిన ప్యాటర్న్ బ్రష్ సరిగ్గా రావట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. స్క్రీన్‌షాట్లు కూడా చూశాను. చదివే మిగతావాళ్ల కోసం ముందు సంగతేంటో చెప్తాను. హన్మకొండలో కార్డుల షాపులో పనిచేసే ఈ తమ్ముడు పెళ్లి కార్డు చుట్టూ బార్డర్ కోసం ఇలస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా ఒక ప్యాటర్న్ బ్రష్ చేసుకున్నాడు. వరంగల్ కోటలోని కళాతోరణం మీద ఉండే హంస ఒకటి, దాని పక్కన కొత్తవాడ జంపఖానాల్లో కనిపించే మెట్లమెట్ల డైమండ్ ఒకటి, పైనా కిందా రెండు బంగారు గీతలు, మూలల్లో ‘శ్రీ’. మొదట బ్రష్ తయారే కాలేదు, ఎర్రర్ వచ్చింది. ఎలాగో తయారయ్యాక మూలల దగ్గర గీతలు కలవలేదు. టైల్‌కీ టైల్‌కీ (అంటే బ్రష్ పదేపదే పేర్చే బొమ్మ ముక్కలకి) మధ్య సన్నటి తెల్ల గీత కనిపిస్తోంది. కింది వరుసలో హంసలు తలకిందులయ్యాయి. స్ట్రోక్ (గీత) రంగు మార్చినా బార్డర్ రంగు మారట్లేదు. రేపు పార్టీకి ప్రూఫ్ చూపించాలట.

టెన్షన్ పడకు. ఇవి ఐదు వేర్వేరు రోగాల్లా కనిపిస్తున్నాయి కానీ వీటిలో చాలావాటికి కారణం ఒక్కటే: నువ్వు మొత్తం బార్డర్‌ని బ్రష్ నెత్తిన పెట్టావు. ప్యాటర్న్ బ్రష్‌కి వచ్చిన పని ఒక్కటే, ఒక బొమ్మను నువ్వు గీసిన దారి (పాత్) వెంట వరసగా పేర్చడం. గీతలు గీయడం, అక్షరాలు నిలబెట్టడం దానికి రాదు. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, మొదటి ఆరేడేళ్లు నేనూ నీలాగే అన్నీ టైల్‌లోనే కుక్కేవాణ్ణి.

ముందు ఎర్రర్ సంగతి. బొమ్మను బ్రషెస్ ప్యానెల్‌లోకి లాగినప్పుడు ‘ఇందులో బ్రష్‌కి పనికిరానిది ఏదో ఉంది’ అన్న అర్థంలో ఒక మెసేజ్ వస్తుంది. ఏది పనికిరాదో మాత్రం తేల్చి చెప్పదు. పెళ్లి కార్డుల పనిలో పది సార్లలో ఎనిమిది సార్లు దొంగ గోల్డ్ గ్రేడియంటే, అంటే ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారే ఫిల్. బంగారం అనగానే మన చెయ్యి గ్రేడియంట్ మీదికి పోతుంది. ప్యాటర్న్ బ్రష్ గ్రేడియంట్‌ని, మెష్‌ని, బ్లెండ్‌ని, క్లిప్పింగ్ మాస్క్‌ని, ఇంకో బ్రష్‌తో గీసిన గీతని, టైప్ చేసి అలాగే వదిలేసిన అక్షరాలని ఒప్పుకోదు. ఫొటో అయితే 2013లో వచ్చిన సీసీ వెర్షన్ నుంచి ఒప్పుకుంటుంది. అదీ లింక్ కాకుండా ఫైల్‌లోనే ఎంబెడ్ అయి ఉంటేనే. నీ హంస ఫోన్‌లో తీసిన ఫొటోకి ఇమేజ్ ట్రేస్ చేసింది (ఫొటోని గీతల బొమ్మగా మార్చింది) అంటున్నావు కాబట్టి అందులో క్లిప్పింగ్ మాస్క్ (బొమ్మలో కొంత భాగాన్ని దాచే మూత) మిగిలి ఉండే అవకాశం కూడా ఉంది. లేయర్స్ ప్యానెల్ తెరిచి ఒక్కో మెట్టూ కిందికి దిగి చూడు, ‘క్లిప్ గ్రూప్’ అని ఉంటే దాన్ని రిలీజ్ చేసి, మిగిలిన చతురస్రాన్ని తీసెయ్. ట్రేస్ చేసేటప్పుడు ‘ఇగ్నోర్’ ఆప్షన్‌తో తెలుపుని వదిలేయమని చెప్పకపోతే హంస వెనకాల తెల్ల ముక్కలు కూడా ఉంటాయి, వాటినీ ఏరెయ్.

మరి గోల్డ్ ఎలా? టైల్‌ని సాదా నలుపులో చెయ్. కార్డు మీద ఫాయిల్ గానీ గోల్డ్ ఇంకు గానీ వేసేటప్పుడు ప్రెస్‌కి కావల్సింది ఎలాగూ ఒకే సాదా రంగు. గ్రేడియంట్ వేస్తే వాళ్లే తిరిగి ఫోన్ చేస్తారు. డిజిటల్ ప్రింట్‌కి మెరుపు కావాల్సిందే అంటే, బార్డర్ అంతా ఖరారయ్యాక ఒక కాపీకి ఎక్స్‌పాండ్ అప్పియరెన్స్ చేసి (బ్రష్‌ని మామూలు ఆకారాలుగా మార్చి), అన్‌గ్రూప్ చేసి, కంట్రోల్ 8తో కాంపౌండ్ పాత్ చేసి, అప్పుడు దాని మీద ఒకే గ్రేడియంట్ వెయ్. అప్పుడు ఒక్కో హంస విడివిడిగా మెరవకుండా కార్డు పొడుగునా ఒకే మెరుపు పారుతుంది. నాకైతే అదే బాగుంటుంది.

ఇక ‘శ్రీ’. దాన్ని కార్నర్ టైల్‌లోంచి తీసెయ్. అను ఫాంట్‌లో టైప్ చేసి అలాగే పెట్టావు కాబట్టి ఎర్రర్‌కి అదీ ఒక కారణం. కంట్రోల్ షిఫ్ట్ ఓ కొట్టి అవుట్‌లైన్స్ చేస్తే ఎర్రర్ పోతుంది నిజమే. కానీ కార్నర్ టైల్ ప్రతి మూలకీ 90 డిగ్రీలు తిరుగుతుంది. ఒక మూలలో నిలబడ్డ శ్రీ, పక్క మూలలో పడుకుంటుంది, ఎదురు మూలలో తలకిందులవుతుంది. పెళ్లి కార్డు మీద తలకిందుల శ్రీ కనిపిస్తే పెళ్లికూతురి నాన్న నీ షాపు మెట్లు మళ్లీ ఎక్కడు. నాలుగు అక్షరాలే కదా, చేత్తో పెట్టుకో.

కింది వరుసలో హంసలు తిరగబడటం కూడా ఇలాంటిదే. అది బ్రష్ తప్పు కాదు. టైల్ తల ఎప్పుడూ పాత్‌కి బయటివైపే చూస్తుంది. ఫ్రేమ్ పైగీత మీద బయట అంటే పైకి, కింది గీత మీద బయట అంటే కిందికి. ఒకసారి సిద్దిపేటలో ఒక చీరల షాపుకి డబ్బా డిజైన్ చేశాను. చుట్టూ గొల్లభామలు, నెత్తిన కుండతో. స్క్రీన్ మీద జూమ్ చేసి పై వరుస చూసి మురిసిపోయి పంపించేశాను. ఐదు వందల డబ్బాలు అచ్చయ్యాక ఓనర్ వాళ్లమ్మ ఒక డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, “కుండ బోర్లపడ్డది గద బిడ్డా, పాలన్నీ పోయినయ్” అంది. అందరూ నవ్వారు. డబ్బులు మాత్రం నా జేబులోంచే పోయాయి.

అందుకని పైకీ కిందికీ ఒకేలా ఉండే డిజైన్ అయితేనే, అంటే నీ జంపఖానా డైమండ్ లాంటిదైతేనే, ఫ్రేమ్ చుట్టూ ఒకే పాత్ మీద తిప్పు. హంస, గొల్లభామ, ఏనుగు లాంటి తలా కాళ్లూ ఉన్నవాటికి వేరే దారి. పైన ఒక అడ్డగీత, కింద ఒక అడ్డగీత, రెండూ ఎడమ నుంచి కుడికే గీసి, రెండింటికీ హంస బ్రష్ వెయ్. అప్పుడు రెండు వరుసల్లోనూ హంసలు నిలబడే ఉంటాయి. నిలువు అంచుల్లో డైమండ్ ఒక్కటే నడిపించు. నన్నడిగితే కార్డుకి అదే అందం, నాలుగు వైపులా హంసలు మూగితే కళ్లు తిరుగుతాయి. అంటే నీ టైల్‌ని రెండు బ్రష్‌లుగా విడగొట్టాలన్నమాట.

ఇప్పుడు మూలలు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు, ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. కార్నర్ టైల్ చతురస్రంగా ఉండాలి, దాని ఎత్తు సైడ్ టైల్ (అంచు వెంట వరసగా వచ్చే టైల్) ఎత్తుకి సరిగ్గా సమానంగా ఉండాలి. ‘సరిగ్గా’ అంటే కంటికి కాదు, ట్రాన్స్‌ఫార్మ్ ప్యానెల్‌లో అంకెకి. నీ స్క్రీన్‌షాట్‌లో సైడ్ టైల్ ఎత్తు 10 మిల్లీమీటర్లు, కార్నర్ టైల్ 10.53. ఆ 0.53 ఎక్కడిదో తెలుసా? ఒకటిన్నర పాయింట్ స్ట్రోక్‌ది. 1.5 పాయింట్లంటే 0.53 మిల్లీమీటర్లే. కార్నర్ టైల్‌లో గీతలు స్ట్రోక్‌లుగానే ఉండిపోయాయి, గీత మందంలో సగం ఇటు, సగం అటు బయటికి పొడుచుకొచ్చింది. టైల్ చేసే ముందు అన్నిటికీ ఆబ్జెక్ట్ మెనూలో పాత్, అందులో అవుట్‌లైన్ స్ట్రోక్ కొట్టెయ్. తర్వాత టైల్ కొలతకి ఒక డబ్బా గీసి, ఫిల్ లేకుండా, స్ట్రోక్ లేకుండా, అన్నిటికంటే వెనక్కి పంపు. ‘నా టైల్ ఇక్కడి నుంచి ఇక్కడి దాకా’ అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పేది ఆ కనపడని డబ్బానే. అది ముందుకొచ్చినా, దానికి రంగున్నా పని చేయదు.

ఒక హెచ్చరిక. చిల్లర చుక్కలు పోవాలని పాత్ మెనూలో క్లీనప్ కొట్టే అలవాటు ఉంటే, ‘అన్‌పెయింటెడ్ ఆబ్జెక్ట్స్’ దగ్గర టిక్ తీసెయ్. లేకపోతే అది నీ కనపడని డబ్బాని కూడా చెత్త అనుకుని ఊడ్చేస్తుంది. ‘నిన్నటిదాకా బాగుండే అన్నా, ఇవాళ టైల్ సైజు మారిపోయింది’ అని వచ్చేవాళ్లలో సగం మంది కథ ఇదే.

కార్నర్ టైల్‌ని ముందు స్వాచెస్ ప్యానెల్‌లోకి లాగి ప్యాటర్న్ స్వాచ్ చేసుకుంటే, బ్రష్ ఆప్షన్స్‌లో కార్నర్ గడి తెరిచినప్పుడు ఆ జాబితాలో దొరుకుతుంది. లేదంటే ఆల్ట్ నొక్కి పట్టుకుని, బొమ్మను బ్రషెస్ ప్యానెల్‌లో ఆ కార్నర్ గడి మీదికే లాగి వదులు. మూల అడ్డంగా తిరిగి కూర్చుంటే కంగారు పడకు, అసలు బొమ్మను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ వెయ్. మార్చాక ‘అప్లై టు స్ట్రోక్స్’, ‘లీవ్ స్ట్రోక్స్’ అని రెండు బటన్లు వస్తాయి. తొందరలో రెండోది నొక్కితే కార్డు మీద పాత బార్డరే ఉండిపోతుంది, నువ్వేమో బ్రష్ మారలేదని గంట సేపు తల పట్టుకుంటావు.

మూల అసలే ఖాళీగా వస్తే రెండు చూడు. ఒకటి, నీ ఫ్రేమ్ మూలలు గుండ్రంగా ఉన్నాయేమో. కార్నర్ టైల్ పదునైన కార్నర్ పాయింట్ దగ్గరే వస్తుంది, నున్నటి పాయింట్ దగ్గర సైడ్ టైలే వంగుతూ పోతుంది. రెండు, ఫ్రేమ్‌ని రిఫ్లెక్ట్ చేశావేమో. అద్దంలో తిప్పితే పాత్ నడిచే దిశ కూడా తిరగబడుతుంది, బయటి మూల అనుకున్నది లోపలి మూల అవుతుంది, నువ్వు ఇన్నర్ కార్నర్ గడిలో ఏమీ పెట్టలేదు కాబట్టి ఖాళీ. కొత్త వెర్షన్లలో పాత్ మెనూలోనే రివర్స్ పాత్ డైరెక్షన్ ఉంది, ఒక్క క్లిక్. కార్నర్ టైల్ గీసే ఓపిక లేకపోతే ఆటో కార్నర్లు ఉన్నాయి. గీతల బార్డర్‌కి ఆటో స్లైస్డ్ పర్వాలేదు, వడ్రంగి ఫొటో ఫ్రేమ్ చెక్కని మూలకి ఏటవాలుగా కోసి అతికించినట్టు చేస్తుంది. హంసల్లాంటి బొమ్మలకి మాత్రం ఆటో కార్నర్ వాడకు, మెడ కోసేస్తుంది.

నువ్వు అడగలేదు కానీ స్క్రీన్‌షాట్‌లో నాకు కనిపించింది ఇంకోటి ఉంది. పొడుగు వైపు డైమండ్లు నొక్కుకుపోయినట్టు, పొట్టి వైపు సాగదీసినట్టు ఉన్నాయి. లెక్క చూడు. నీ ఫ్రేమ్ 160 × 110 మిల్లీమీటర్లు, కార్నర్ టైల్ 10, సైడ్ టైల్ పొడవు 14. కార్నర్ టైల్ మూల బిందువుకి ఇటు 5, అటు 5 తింటుంది. కాబట్టి సైడ్ టైల్స్‌కి మిగిలేది పొడుగు వైపు 150, పొట్టి వైపు 100. నూట యాభైలో పద్నాలుగు పది సార్లు పోయి ఇంకా 10 మిగులుతుంది. పదకొండు పట్టించాలంటే ఒక్కోటి 13.64కి కుదించాలి. వందలో ఏడు పడతాయి, ఖాళీ లేకుండా ఉండాలంటే ఒక్కోటి 14.29కి సాగాలి. ‘స్ట్రెచ్ టు ఫిట్’ చేసేది ఇదే, చెప్పకుండా చేస్తుంది. రెండు వైపులకీ తేడా దాదాపు ఐదు శాతం. వంకర తీగ అయితే ఎవరికీ తెలియదు, మెట్లమెట్ల డైమండ్‌లో ఇట్టే పట్టేస్తారు.

దీనికి రెండు మార్గాలు. టైల్ పొడవు 12.5 చేస్తే పొడుగు వైపు సరిగ్గా 12, పొట్టి వైపు సరిగ్గా 8 పడతాయి. లేదా టైల్ 14 అలాగే ఉంచి ఫ్రేమ్‌నే 164 × 108 చెయ్, అప్పుడు 11, 7 పడతాయి. నేనైతే ఫ్రేమే మారుస్తాను, బొమ్మని నొక్కడం నాకిష్టం ఉండదు. నేతగాళ్లు కూడా ముందు పోగులు లెక్కపెట్టుకునే పువ్వు మొదలుపెడతారు, నేసేశాక పువ్వుని సాగదీయరు కదా. ‘యాడ్ స్పేస్ టు ఫిట్’ పెడితే బొమ్మ సాగదు కానీ మధ్యలో ఖాళీలొస్తాయి. విడివిడి పువ్వులకి సరే, గీతలున్న టైల్‌కి పనికిరాదు. ఈ లెక్కలన్నీ స్ట్రోక్ ఒక పాయింట్, స్కేల్ నూరు శాతం ఉన్నప్పటివి. స్ట్రోక్ రెండు పాయింట్లు చేస్తే టైల్ రెట్టింపవుతుంది. పూర్తయిన ఫ్రేమ్‌ని పట్టుకుని చిన్నది పెద్దది చేసే ముందు ప్రిఫరెన్సెస్‌లో ‘స్కేల్ స్ట్రోక్స్ అండ్ ఎఫెక్ట్స్’ ఆన్‌లో ఉందో లేదో చూసుకో. ఆఫ్‌లో ఉంటే టైల్ సైజు అలాగే ఉండి వాటి సంఖ్య మారుతుంది, నీ లెక్కంతా గంగలో కలుస్తుంది.

తెల్ల గీతలకి వద్దాం. జూమ్ పెంచుకుంటూ పో. జూమ్ ఎంత పెంచినా ఆ గీత అంతే సన్నగా ఉంటే అది నిజం గీత కాదు, స్క్రీన్ అంచుల్ని నున్నగా చూపించడంలో వచ్చే మాయ. ప్రిఫరెన్సెస్‌లో యాంటీ ఏలియాస్డ్ ఆర్ట్‌వర్క్ టిక్ తీసి చూడు, మాయమవుతుంది. ప్రింటింగ్ ప్లేట్ మీద సాధారణంగా రాదు. జూమ్‌తో పాటు గీత కూడా వెడల్పయితే అది నిజంగా ఖాళీయే: బ్రష్‌లో స్పేసింగ్ సున్నా ఉందో లేదో, బొమ్మ కనపడని డబ్బా అంచుదాకా వచ్చిందో లేదో, స్నాప్ టు పిక్సెల్ ఆన్‌లో ఉండి కొలతని అటూ ఇటూ జరిపిందో చూడు.

అసలు తలనొప్పి వాట్సాప్ ప్రూఫ్. స్క్రీన్ మాయ అయినా జేపీజీ చేసేసరికి ఆ గీత బొమ్మలో అచ్చంగా పడిపోతుంది. పార్టీ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి “బార్డర్ ముక్కలు ముక్కలుగా ఉందేంది” అంటాడు. మాయ అని ఆయనకి ఎలా చెప్తావు? జేపీజీ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు యాంటీ ఏలియాసింగ్ గడిలో ‘ఆర్ట్ ఆప్టిమైజ్డ్’ పెట్టు, చాలావరకు తగ్గుతుంది. ఇంకా మిగిలితే యాంటీ ఏలియాసింగ్ లేకుండా పెద్ద రిజల్యూషన్‌లో తీసి ఫొటోషాప్‌లో చిన్నది చేసి పంపు.

కానీ దీనికి అసలు మందు వేరే. టైల్ అతుకు ఎక్కడ పడుతుందో నువ్వే నిర్ణయించుకో. నీ టైల్‌లో అతుకు రెండు బంగారు గీతల మీద అడ్డంగా పడుతోంది, అందుకే ప్రతి 14 మిల్లీమీటర్లకీ ఒక గాటు. ఆ గీతల్ని టైల్‌లోంచే తీసేస్తే అతుకు డైమండ్‌కీ డైమండ్‌కీ మధ్య ఖాళీలో పడుతుంది. ఖాళీలో అతుకు ఎవరికి కనిపిస్తుంది? గీతల్ని ఇలా వెయ్: ఫ్రేమ్‌ని సెలెక్ట్ చేసి, అప్పియరెన్స్ ప్యానెల్‌లో యాడ్ న్యూ స్ట్రోక్ కొట్టి, దాని బ్రష్ ‘బేసిక్’ చేసి, ఒకటిన్నర పాయింట్ ఇవ్వు. ఆ స్ట్రోక్‌ని సెలెక్ట్ చేసి ఉంచే ఎఫెక్ట్ మెనూలో పాత్, ఆఫ్‌సెట్ పాత్ 4.5 మిల్లీమీటర్లు, జాయిన్ మైటర్. అలాంటిదే ఇంకో స్ట్రోక్, ఈసారి మైనస్ 4.5. అయిపోయింది. మూలల్లో గీతలు కలవకపోవడమన్న సమస్యే ఉండదు, ఎందుకంటే అవి టైల్స్ కావు, నిఖార్సైన గీతలు. ఫ్రేమ్ సైజు మారిస్తే గీతలూ దాంతోపాటే కదులుతాయి.

రంగు మారకపోవడం చిన్న విషయం. బ్రష్ ఆప్షన్స్‌లో కలరైజేషన్ ‘నన్’ అని ఉంటే టైల్ తన సొంత రంగులోనే ఉంటుంది. దాన్ని ‘టింట్స్’ చెయ్. టైల్‌లో నల్లగా ఉన్నదంతా స్ట్రోక్ రంగు తీసుకుంటుంది. తెలుపు తెలుపుగానే మిగులుతుంది. హంస కన్ను తెల్ల చుక్కతో పెట్టావు, తెల్ల కాగితం మీద బాగానే ఉంటుంది. మెరూన్ కార్డు లేఅవుట్ మీద పెడితే తెల్ల గుడ్డు తేలినట్టుంటుంది. పాత్‌ఫైండర్‌లో మైనస్ ఫ్రంట్ కొట్టి కన్నుని రంధ్రంగా చెయ్, కింద కార్డు ఏ రంగైతే కన్ను ఆ రంగే.

ఇంక్‌స్కేప్‌లో చేసేవాళ్లు ఉంటే, అక్కడ దీనికి దగ్గరగా ఉన్నది ప్యాటర్న్ అలాంగ్ పాత్ ఎఫెక్ట్, ‘రిపీటెడ్, స్ట్రెచ్డ్’ పెట్టుకోవాలి. అందులో కార్నర్ టైల్ అన్నదే లేదు, నాలుగు వైపులూ విడి గీతలుగా గీసి మూలలు చేత్తో అతికించుకోవడమే.

ప్రెస్‌కి ఇచ్చేది ఎప్పుడూ కాపీ. అసలు ఫైల్ బ్రష్‌తో అలాగే దాచుకో, రేపు ముహూర్తం మారినా కార్డు సైజు మారినా పనికొస్తుంది. కాపీలో ఎక్స్‌పాండ్ అప్పియరెన్స్ కొట్టాక ప్రతి టైల్‌తో పాటు ఆ కనపడని డబ్బాలు కూడా బయటికొస్తాయి. ఒకదాన్ని డైరెక్ట్ సెలెక్షన్‌తో పట్టుకుని, సెలెక్ట్ మెనూలో సేమ్, ఫిల్ అండ్ స్ట్రోక్ కొట్టి అన్నీ ఒకేసారి డిలీట్ చెయ్. ప్రింట్‌లో అవి కనిపించవు. కార్డుకి లేజర్ కటింగ్ ఉంటే మాత్రం మెషీన్‌కి అవి కూడా గీతల్లాగే కనిపించి, కోసెయ్యొచ్చు.

ఇవన్నీ చేశాక కూడా మూల కలవకపోతే కంట్రోల్ వై కొట్టి, అవుట్‌లైన్ వ్యూలో సైడ్ టైల్, కార్నర్ టైల్ పక్కపక్కన పెట్టి స్క్రీన్‌షాట్ పంపు. ట్రాన్స్‌ఫార్మ్ ప్యానెల్ అంకెలు కనిపించేలా తియ్. రాత్రి షాపు కట్టేశాక తొమ్మిదిన్నరకి చూస్తాను.